ఏ విటమిన్ వేసుకుంటే ఇమ్యూనిటీ పెరుగుతుంది? మీ ఇంట్లో నలుగురికీ నాలుగు జవాబులు

ముందు మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు చెప్తాను, పొరపాటుంటే సరిదిద్దండి. బాబుకి నాలుగున్నరేళ్లు. జూన్‌లో ఎల్‌కేజీలో చేరినప్పటి నుంచి ఐదుసార్లు జలుబు, అందులో రెండుసార్లు జ్వరం. మీవారు కరోనా రోజుల్లో మొదలుపెట్టిన విటమిన్ సి 500, జింక్ 50, వారానికో డి3 ఇప్పటికీ వేసుకుంటున్నారు. అత్తగారికి 64 ఏళ్లు, షుగరు ఉంది, పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మీకేమో నీరసం, జుట్టు ఊడటం. ఇంటిల్లిపాదికీ ఒకే మల్టీవిటమిన్ డబ్బా తెచ్చి పెడితే సరిపోతుందా, లేక ఇమ్యూనిటీకి ఫలానా విటమిన్ అని ఒకటుందా, బాబుకి గమ్మీలు (జెల్లీ మిఠాయిలా నమిలే విటమిన్లు) ఇవ్వొచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను ముప్పై ఏళ్లు పిల్లల వార్డుల్లో పనిచేశాను. నా అనుభవంలో ఇమ్యూనిటీని మామూలు స్థాయి కంటే పైకి లేపే విటమిన్ ఒక్కటీ కనబడలేదు. లోపం ఉన్నవాళ్లకి ఆ లోపం తీరిస్తే ప్రాణాలు నిలబడటం మాత్రం కళ్లారా చూశాను. చెరువు గట్టుకి గండి పడితే అక్కడ మట్టి వేస్తాం. గండి లేనిచోట ఎన్ని బండ్ల మట్టి పోసినా చెరువులో నీళ్లు పెరగవు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికి ఎక్కడ గండి పడిందో చూడాలి. నలుగురికీ ఒకేచోట పడదు, అందుకే ఒకే డబ్బా అన్న ఆలోచన నాకు నచ్చలేదు.

అసలు ఇమ్యూనిటీని 'బూస్ట్' చేయడం అన్న మాటే తప్పు దారి పట్టిస్తుంది. రోగనిరోధక శక్తి మరీ చురుకైతే వచ్చేవే ఎలర్జీలు, ఉబ్బసం, కీళ్లవాతం లాంటి జబ్బులు. మనకి కావలసింది అది సరైన సమయంలో లేచి, పని అయ్యాక సద్దుమణగడం. ఆ పనికి సరుకు కావాలి. ముక్కు, గొంతు, పేగుల లోపలి పొర తడిగా, చెక్కుచెదరకుండా ఉండాలంటే విటమిన్ ఏ ఉండాలి. సూక్ష్మజీవి లోపలికి రాగానే తెల్లకణాలు రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై పెరగాలి. అలా విభజన జరగాలంటే ఫోలేట్ (మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ అంటారు), బి12, ఐరన్, జింక్ అన్నీ అందుబాటులో ఉండాలి. తెల్లకణాలైతే విటమిన్ సి ని రక్తంలో ఉన్నదానికి యాభై రెట్లకు పైగా తమలో నింపుకుంటాయి. విటమిన్ డి అందితే అవి సూక్ష్మజీవుల్ని చంపే ఒక ప్రోటీన్‌ని తయారుచేసుకుంటాయి. వీటిలో ఏది తగ్గినా ఆ మేరకు పని కుంటుపడుతుంది. అన్నీ సరిపడా ఉన్నప్పుడు ఇంకో గుప్పెడు వేసినంత మాత్రాన పని వేగం పెరగదు.

ఇక బాబు సంగతి. ఐదేళ్లలోపు పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. కొత్తగా బడికి వెళ్లే ఏడాది పది దాటినా నేను కంగారుపడను. జలుబు చేసే వైరస్‌లు వందల్లో ఉన్నాయి, మీవాడు వాటితో ఒక్కొక్కటిగా పరిచయం పెంచుకుంటున్నాడు. నేను చూసేది వేరే: బరువు, ఎత్తు వయసుకి తగ్గట్టు పెరుగుతున్నాయా? ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చిందా? చెవిలో చీము నాలుగుసార్లు పట్టిందా? ఒంటి మీద లోతుగా గడ్డలు లేచి మాటిమాటికీ చీము పడుతోందా? ఏడాది దాటాక కూడా నోట్లో తెల్లపూత వదలకుండా ఉందా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా విటమిన్ సీసా పక్కన పెట్టి పిల్లల డాక్టరుకి చూపించండి. ఏవీ లేకపోతే, జలుబుకీ జలుబుకీ మధ్య పిల్లాడు గెంతుతూ తింటూ ఉంటే, వాడి ఇమ్యూనిటీ చక్కగా ఉన్నట్టే.

వాడి టీకాల కార్డు తీసి ఒక్క విషయం చూడండి. విటమిన్ ఏ ద్రావణం తొమ్మిదో నెలలో 1 ఎంఎల్, అంటే లక్ష యూనిట్లు, ఇస్తారు. ఏడాదిన్నర వయసు నుంచి ఐదేళ్లు నిండేదాకా ఆరునెలలకోసారి 2 ఎంఎల్. మొత్తం తొమ్మిది డోసులు. మొదటి రెండు మూడు అయ్యాక అందరూ మర్చిపోతారు. ఏఎన్ఎమ్మో అంగన్‌వాడీ టీచరో గుర్తుచేస్తారు గానీ, పట్నంలో ప్రైవేటు బడికెళ్లే పిల్లల్ని అడిగేవాళ్లు ఉండరు. మీవాడికి ఐదేళ్లు నిండలేదు కాబట్టి ఇంకా అవకాశం ఉంది. కార్డు పట్టుకెళ్లి అడగండి, చివరి డోసు పడి ఆరునెలలు దాటిందో లేదో వాళ్లే చూసి వేస్తారు. సొంతంగా కొని పోయకండి.

ఈ విటమిన్ ఏ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. నేను వార్డులో చేరిన కొత్తలో కంటి తెల్లగుడ్డు మీద నురగ అంటించినట్టు బూడిదరంగు మచ్చ ఉన్న పిల్లలు వచ్చేవాళ్లు. పొద్దుగూకితే తడుముకుంటూ నడుస్తున్నాడని తల్లులు చెప్పేవాళ్లు. రేచీకటి. మేకకాలేయం తినిపించమని ఊళ్లో పెద్దలు చెప్పే వైద్యం సరైనదే, విటమిన్ ఏ కాలేయంలోనే నిలవ ఉంటుంది. అయితే ఆ పిల్లలు మా దగ్గరికి వచ్చింది కళ్ల కోసం కాదు, విరేచనాలకో న్యుమోనియాకో. ఆల్ఫ్రెడ్ సోమర్ అనే కంటిడాక్టరు ఇండోనేసియాలో ఇదే గమనించాడు: కాస్త రేచీకటి ఉన్న పిల్లలు మిగతావాళ్ల కంటే ఎక్కువగా చనిపోతున్నారు. అచే ప్రాంతంలో ఆరునెలలకోసారి విటమిన్ ఏ ఇచ్చి చూస్తే ఆ ఊళ్లలో పిల్లల మరణాలు మూడోవంతు తగ్గాయి. 1986లో ఆ ఫలితాలు వచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు. తర్వాత మన ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలతో ఇలాంటి పరిశోధనే చేశారు, 2013లో అచ్చయింది. అక్కడ మరణాలు 4 శాతం మాత్రమే తగ్గాయి, అది కూడా యాదృచ్ఛికం కావచ్చన్నారు. కారణాల మీద ఇప్పటికీ వాదనలున్నాయి. నాకు తోచిందేమిటంటే, గండి ఎంత పెద్దదో పూడిస్తే వచ్చే లాభం అంత ఉంటుంది.

తట్టు వచ్చినప్పుడు మాత్రం వాదన లేదు. తట్టు ఒంట్లో ఉన్న విటమిన్ ఏ ని ఒక్కసారిగా లాగేస్తుంది, అందుకే వరసగా రెండు రోజులు రెండు డోసులు ఇస్తాం. ఇంట్లో ఏమో 'అమ్మవారు' అని గుడ్డు, పాలు, నూనె అన్నీ బంద్ చేసి పథ్యం పెడతారు. పిల్లాడికి తిండి ఎక్కువ కావలసిన రోజుల్లోనే తక్కువ పెడతాం. మామూలు జ్వరానికీ అంతే, లంఖణం పరమౌషధం అంటూ. పెద్దవాళ్లు ఒకపూట మానేస్తే ఏమీ కాదు. నాలుగున్నరేళ్ల పిల్లాడికి ఐదు జలుబుల్లో ఐదేసి రోజులు పథ్యం పెడితే ఇరవై ఐదు రోజుల తిండి పోయినట్టు. ఆకలి లేకపోతే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి, పెరుగన్నం మానకండి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్‌తో పాటు జింక్ 14 రోజులు ఇవ్వాలి, ఆరునెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 10 నుంచి 14 రోజులు ఇవ్వమన్నాయి. మూడోరోజుకి విరేచనాలు కట్టగానే అందరూ ఆపేస్తారు. అక్కడే పొరపాటు, మిగతా పదకొండు రోజుల జింక్ వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు రాకుండా కాపాడటానికి. జలుబు తగ్గడానికి జింక్ ఇమ్మని మాత్రం నేను రాయను.

ఇంట్లో ఐరన్ సిరప్ ఉంటే జ్వరం ఉన్న రోజుల్లో ఆపండి. ఐరన్ మనకెంత అవసరమో సూక్ష్మజీవులకీ అంతే అవసరం. అందుకే ఇన్ఫెక్షన్ రాగానే శరీరం రక్తంలోని ఐరన్‌ని లోపల దాచేసి, పేగుల్లో తలుపు మూసేస్తుంది. టాంజానియాలోని పెంబా దీవి మలేరియా ప్రాంతం. అక్కడ పిల్లలందరికీ పరీక్ష లేకుండా ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆస్పత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు పెరిగారు, 2006లో బయటికి వచ్చింది. అందులోనే ఐరన్ నిజంగా తక్కువున్న పిల్లలకి మాత్రం మేలు జరిగింది. అలాగని మనవాళ్లు ఐరన్ అంటే భయపడక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. జ్వరం తగ్గాక మళ్లీ మొదలుపెడితే చాలు. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరిలో, ఆగస్టులో బళ్లలో వేస్తారు, అది తప్పించకండి. పురుగులుంటే మీరు పోసే సిరప్‌లో వాటి వాటా పోతుంది.

గమ్మీల గురించి అడిగారు కదా. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే అవి విటమిన్ పూసిన చాక్లెట్లు. పిల్లాడు డబ్బా దొరికితే గుప్పెడు తింటాడు. ఐరన్ మాత్రలైతే ఇంకా ప్రమాదం. పెద్దవాళ్ల ఎర్రమాత్రలు పది మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లల్ని చూశాను. మందుల డబ్బా అటక మీద పెట్టండి.

మీవారి విషయానికి వస్తే, జింక్ 50 ఈరోజే ఆపమనండి. మగవాళ్లకి రోజుకి 17 మిల్లీగ్రాములు చాలు, 40 దాటి రోజూ వాడకూడదు. అట్ట మీద రాసింది మొత్తం ఉప్పు బరువా, ఎలిమెంటల్ జింకా (అంటే అందులో ఉన్న అసలు జింక్ ఎంతో) అన్నది చూడాలి. ఎలిమెంటల్ 50 అయితే హద్దు దాటినట్టే. ఎక్కువ జింక్ ఏళ్ల తరబడి పడితే పేగుల్లో రాగి ఒంటికి పట్టదు. రాగి తగ్గితే రక్తహీనత వస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి. ఇమ్యూనిటీ కోసం వేసుకున్న మాత్రే దాన్ని తగ్గిస్తుందన్నమాట. ఒకసారి సీబీపీ (రక్తకణాలు లెక్కించే పరీక్ష) చేయించండి, మాత్ర ఎన్నేళ్లుగా వాడుతున్నారో డాక్టరుకి చెప్పండి.

అసలు జింక్ లోపం అన్నదే ఉండదని కాదు. 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఒక 21 ఏళ్ల యువకుణ్ణి చూపిస్తే పదేళ్ల పిల్లాడిలా ఉన్నాడట. గోధుమ రొట్టె తప్ప ఇంకేమీ పెద్దగా తినడు, మట్టి తింటాడు. మనుషుల్లో జింక్ లోపం ఉంటుందని లోకానికి తెలిసింది ఆ కేసుతో మొదలైన పరిశోధన వల్లే. చేసినాయన మనవాడే, బిహార్‌లోని బక్సర్‌లో పుట్టిన ఆనంద ప్రసాద్. పొట్టు ధాన్యాల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్ జింక్‌ని, ఐరన్‌ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. పిండి పులిస్తే అది తగ్గుతుంది. అందుకే ఇడ్లీ, దోసె, మొలకెత్తిన పెసలు, రాత్రంతా నానిన శనగలు మీ ఇంట్లో ఉన్నాయంటే సగం పని అయినట్టే. వారంలో రెండుసార్లు మాంసమో చేపో తినే మనిషికి జింక్ మాత్ర ఎందుకు?

విటమిన్ సి 500 వల్ల పెద్ద నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు. అనేక పరిశోధనల్ని కలిపి చూస్తే తేలింది ఇదీ: రోజూ వేసుకున్నా మామూలు మనుషులకి జలుబులు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దల్లో 8 శాతం, పిల్లల్లో 14 శాతం త్వరగా తగ్గింది, అంటే వారం జలుబులో అరరోజో ఒకరోజో. జలుబు పట్టాక మొదలుపెట్టినవాళ్లకి అదీ సరిగా రాలేదు. మారథాన్ పరిగెత్తేవాళ్లు, మంచులో శిక్షణ పొందే సైనికులు, వీళ్లకి మాత్రం జలుబులు సగానికి తగ్గాయి. మీవారు కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. మగవాళ్లకి రోజుకి కావలసింది 80 మిల్లీగ్రాములు. వంద గ్రాముల జామకాయలో 200 దాటి ఉంటుంది. ఒక జామకాయ ముక్కలు కోసి ఉప్పూకారం చల్లి ఇవ్వండి. కిడ్నీలో రాళ్ల చరిత్ర ఉంటే మాత్రం ఆ మాత్ర వద్దు. మీరు రాయలేదు గానీ, ఆయనకి సిగరెట్ అలవాటుంటే బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఏ గా మారే పదార్థం) ఉన్న 'యాంటీ ఆక్సిడెంట్' గొట్టం మాత్రలకి దూరంగా ఉండమనండి. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ల మీద పరీక్షిస్తే, బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. క్యారెట్లకి ఆ గొడవ లేదు, నిశ్చింతగా తినొచ్చు.

డి3 60,000 యూనిట్ల గొట్టం మాత్ర సాధారణంగా వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తాం, అది కూడా లోపం ఉందని తేలితే. అక్కడితో ఆపి, చిన్న డోసుకి మారాలి. ఏళ్ల తరబడి వారంవారం వేసుకుంటుంటే విటమిన్ డి, కాల్షియం రెండూ పరీక్ష చేయించాల్సిందే. ఇది సి లాగా మూత్రంలో పోదు, కొవ్వులో పేరుకుంటుంది. ఒకసారి ఏడాది పాపని వాంతులు, మలబద్ధకం, చిక్కిపోవడంతో తెచ్చారు. కాల్షియం విపరీతంగా ఉంది. తీరా చూస్తే రోజుకో ఎంఎల్ వేయాల్సిన 400 యూనిట్ల చుక్కల మందు బదులు, 60,000 యూనిట్లుండే 5 ఎంఎల్ చిన్న సీసా రోజుకొకటి పట్టించారు. రెండిటి మీదా డి3 అనే ఉంటుంది. తల్లి తప్పేమీ లేదు, చీటీ రాసినవాళ్లూ ఇచ్చినవాళ్లూ విడమరిచి చెప్పలేదు. పాప సెలైన్ల మీద రెండు వారాలు ఉండి కోలుకుంది.

ఎండ గురించి కూడా. పొద్దున ఆరున్నర లేత ఎండలో నిలబడితే డి వస్తుందని అందరూ అంటారు. ఒంటికి హాయిగా ఉంటుంది గానీ విటమిన్ డి తయారుచేసే కిరణాలు అప్పుడు దాదాపు ఉండవు. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి వైద్యులు అక్కడి ఎండనే కొలిచి చూస్తే ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా బాగా తయారవుతుందని తేలింది. మే నెలలో ఆ మాట చెప్తే తిడతారు, నిజమే. చలికాలంలో చేతులు, కాళ్లు తగిలేలా ఇరవై నిమిషాలు చాలు.

అత్తగారికి నేను అనుమానించేది బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గుతుంది. దానికి తోడు పొద్దున్నే గ్యాస్ బిళ్ల, పైగా ఆవిడ శాకాహారి అంటున్నారు. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఉంటే అందరూ షుగరు మీదకి తోసేస్తారు. ఒకసారి బి12 పరీక్ష చేయించండి. తక్కువుంటే ఇంజెక్షనో మాత్రో డాక్టరు చెప్తారు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గానీ నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయి. ఆకుకూరల్లో బి12 ఉండదు, పాలు పెరుగుల్లో కొంత ఉంటుంది. ఇక ఆవిడని ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడేది ఏ విటమిన్ కంటే ఎక్కువగా షుగరు అదుపు, ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా. ఇంట్లో బడికెళ్లే పిల్లాడున్నాడు కాబట్టి ఆ టీకాలు వాయిదా వేయకండి.

చివరికి మీరు. మీ గురించి ఒక్క వాక్యం రాశారు, అదీ చివర్లో. మన ఇళ్లలో రక్తహీనత దాక్కునేది అక్కడే. పైన చెప్పిన జాతీయ సర్వేలోనే 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువ. దానిమ్మ, బీట్‌రూట్ తింటే రక్తం పడుతుందన్నది రంగు చూసి పుట్టిన నమ్మకం. వాటిలో ఐరన్ చాలా తక్కువ. తోటకూరలో వాటికి ఎన్నో రెట్లు ఉంటుంది, అయితే ఆకుల్లోని ఐరన్ ఒంటికి పట్టేది కొంచెమే. దించాక నిమ్మకాయ పిండిన పప్పుతోనో, ఉసిరికాయ పచ్చడితోనో కలిపి తింటే ఎక్కువ పడుతుంది. స్టవ్ మీద ఉండగా నిమ్మరసం పోస్తే సి చాలావరకు వేడికి పోతుంది, మన వంటలో దించాకే పిండటం మంచి అలవాటు. భోజనం కాగానే టీ తాగితే తిన్న ఐరన్‌లో చాలా భాగం వృథా, కనీసం గంట ఆగండి. రేషన్ బియ్యంలో తేలే గింజల్ని ప్లాస్టిక్ అని ఏరి పారేయకండి. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు, వంద కిలోలకి ఒక కిలో చొప్పున కలుపుతూ వచ్చారు. ఇంట్లో ఎవరికైనా తలసీమియా ఉంటే మాత్రం ముందు డాక్టర్ని అడగండి.

తిండి మార్చినంత మాత్రాన తగ్గిన నిల్వలు త్వరగా నిండవు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది), బి12, థైరాయిడ్ ఈ నాలుగు పరీక్షలు చేయించుకోండి. జలుబో జ్వరమో ఉన్నప్పుడు ఫెరిటిన్ చేయించొద్దు, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తగ్గిన రెండు మూడు వారాలకి వెళ్లండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ మాట గైనకాలజిస్టుకి చెప్పండి, లేకపోతే ఎన్ని మాత్రలు వేసినా ఒకవైపు పోస్తుంటే ఇంకోవైపు పోతుంటుంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుండి ఐరన్ మొదలుపెడితే, రోజూ వేసుకుని కడుపు తిప్పి మానేయడం కంటే రోజు విడిచి రోజు వేసుకోవడం నయం, ఒంటికి కూడా అలాగే బాగా పడుతుంది. హిమోగ్లోబిన్ మామూలైనా నిల్వలు నిండేదాకా ఇంకో మూడు నెలలు కొనసాగించాలి. రిపోర్టులు వచ్చాక ఆ అంకెలు, బాబు బరువు రాయండి, డోసుల సంగతి అప్పుడు చూద్దాం.